మన నెత్తి మీది గాలికీ ఆటుపోట్లు.. రోజూ మధ్యాహ్నం 2 గంటలకు ఆకాశంలో ఏం జరుగుతోంది?

గోదావరి చివరి గట్ల మీద పుట్టి పెరిగిన వాళ్లకు ఆటుపోట్ల గురించి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. యానాం దగ్గర గౌతమి నీళ్లు రోజుకు రెండుసార్లు ఎక్కుతాయి, రెండుసార్లు దిగుతాయి. అమావాస్యకు, పౌర్ణమికి పోటు ఇంకాస్త పెరుగుతుంది. పడవలు నడిపేవాళ్లు గడియారం కంటే ముందు నీళ్లనే చూస్తారు.

అయితే కోనసీమ జనం నెత్తి మీద ఇంకో పోటు కూడా రోజూ వచ్చిపోతోంది. అది నీళ్లది కాదు, గాలిది. రామచంద్రపురం మీద 400 కిలోమీటర్ల ఎత్తున మధ్యాహ్నం 2 గంటల ప్రాంతంలో గాలి చిక్కబడుతుంది. తెల్లవారుజామున 3, 4 గంటలకు పలచబడుతుంది. రెండింటి మధ్య తేడా ఏదో ఒకటి రెండు శాతం కాదు.. రెండు నుంచి నాలుగు రెట్లు! సూర్యుడు ఎంత చురుగ్గా ఉన్నాడన్న దాన్ని బట్టి ఈ తేడా మారుతూ ఉంటుంది.

కంటికి కనబడదు, ఒంటికి తగలదు. కానీ ఆ ఎత్తున తిరిగే శాటిలైట్ల ఆయుష్షు దీని మీదే ఆధారపడి ఉంది. శ్రీహరికోట నుంచి పంపిన ఒక ఉపగ్రహం తొమ్మిది రోజులకే రాలిపోవడానికీ, 1979లో తెలుగు పల్లెలు స్కైలాబ్ పేరు చెబితే వణికిపోవడానికీ ఈ గాలితో సంబంధం ఉంది.

400 కిలోమీటర్ల ఎత్తులో గాలి ఉంటుందా?

రామచంద్రపురం నుంచి శ్రీహరికోటకు మ్యాప్ మీద నేరుగా గీత గీస్తే దాదాపు 400 కిలోమీటర్లు. ఆ గీతను అలాగే నిలువుగా నిలబెట్టండి. దాని పై కొస దగ్గరే అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం తిరుగుతూ ఉంటుంది. సాయంత్రం చీకటి పడుతుండగా నక్షత్రంలా మెరుస్తూ జారిపోయేది అదే.

అక్కడ గాలే లేదని చాలామంది అనుకుంటారు. ఉంది, కాకపోతే బాగా పలచన. నేల మీద ఒక మీటరు పొడవు, వెడల్పు, ఎత్తున్న పెట్టెలో సుమారు 1.2 కిలోల గాలి పడుతుంది. 400 కిలోమీటర్ల ఎత్తున అంతే గాలి పోగుచెయ్యాలంటే రామచంద్రపురం నుంచి ద్రాక్షారామం దాకా వెళ్లేంత పొడవు, అంతే వెడల్పు, అంతే ఎత్తున్న పెట్టె కావాలి. లెక్కలో చెప్పాలంటే నేల మీది గాలి కంటే దాదాపు 40 వేల కోట్ల రెట్లు పలచన.

అంత పలచని గాలి శాటిలైట్‌ను ఏం చేస్తుందిలే అనిపిస్తుంది. ఇక్కడే వేగం సంగతి వస్తుంది. ఆ ఎత్తున శాటిలైట్ సెకనుకు 7.7 కిలోమీటర్ల చొప్పున పరుగెడుతుంది. గంటకు దాదాపు 28 వేల కిలోమీటర్లు! ఒక చదరపు మీటరు ముఖమున్న శాటిలైట్‌కు రోజంతా ఎదురయ్యే గాలి మామూలు రోజుల్లో సుమారు రెండు గ్రాములు.  కానీ ఆ వేగంలో అదే బ్రేక్‌లా పనిచేస్తుంది. రోజుకు కొన్ని పదుల మీటర్లు, ఒక్కోసారి కొన్ని వందల మీటర్లు కిందికి దించేస్తుంది.

ఇందులో ఒక తమాషా ఉంది. గాలి అడ్డుపడితే శాటిలైట్ వేగం తగ్గాలి కదా? తగ్గదు, పెరుగుతుంది! కక్ష్య కిందికి దిగేకొద్దీ భూమి చుట్టూ తిరిగే వేగం పెరగాల్సిందే. అందుకే బ్రేక్ పడిన శాటిలైట్ అనుకున్న టైమ్ కంటే ముందే వచ్చేస్తుంది. 1950ల చివర్లో శాస్త్రవేత్తలు ఈ పోటును మొట్టమొదట పట్టుకున్నది కూడా ఇలా ముందే వచ్చేస్తున్న శాటిలైట్లను చూసే.

మధ్యాహ్నం రెండుకే ఎందుకు?

సూర్యుడి నుంచి వచ్చే అతినీలలోహిత కిరణాల్లో బాగా చురుకైనవి నేల దాకా రావు. 100 కిలోమీటర్లకు పైన ఉన్న గాలే వాటిని పీల్చేసుకుంటుంది. పీల్చుకుని వేడెక్కుతుంది. అక్కడి ఉష్ణోగ్రత పగలు, రాత్రి మధ్య కొన్ని వందల డిగ్రీలు మారిపోతుంది. వేడెక్కిన గాలి ఉబ్బుతుంది. పాలు పొంగినట్టు పైకి లేస్తుంది. దాంతో కిందున్న కాస్త చిక్కటి గాలి 400 కిలోమీటర్ల ఎత్తుకు చేరుతుంది.

సూర్యుడు నడినెత్తిన ఉండేది 12 గంటలకైనా మన ఊళ్లలో ఎండ మంట ఎక్కువగా ఉండేది రెండు, రెండున్నరకి కదా! పైన కూడా అంతే. వేడి పోగుపడటానికి టైమ్ పడుతుంది. రాత్రంతా చల్లబడుతూ పోయి, తెల్లవారేముందు బాగా కుంచించుకుపోతుంది.

ఈ విషయంలో కోనసీమ వాళ్లకు ఒక సౌకర్యం ఉంది. భారత కాలమానానికి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖాంశం కాకినాడ తీరానికి దగ్గరగానే పోతుంది. రామచంద్రపురం సుమారు 82 డిగ్రీల దగ్గర ఉంది. అంటే ఇక్కడ చేతి గడియారం చూపే టైమ్‌కీ, సూర్యుడి లెక్కన వచ్చే టైమ్‌కీ సగటున రెండు నిమిషాలే తేడా. ఏడాదిలో కొన్ని నెలలు ఇది పావుగంట దాకా అటూ ఇటూ అవుతుంది, అంతే. గుజరాత్‌లోనో, అరుణాచల్‌లోనో ఉన్నవాళ్లు గంట దాకా కూడికలు, తీసివేతలు చేసుకోవాలి. ఇక్కడ రెండు గంటలంటే రెండు గంటలే. ఆకాశంలో పోటు వేళ అది.

ఈ ఉబ్బు భూమితో పాటు తిరగదన్నది గుర్తుపెట్టుకోవాలి. అది ఎప్పుడూ సూర్యుడి వైపే ఉంటుంది. దాని కిందుగా భూమి తిరుగుతుంది. మధ్యాహ్నం రామచంద్రపురం దాని కిందికి వస్తుంది. కొన్ని గంటల తర్వాత దుబాయ్, ఆ తర్వాత ఆఫ్రికా.. ఇలా వరసగా.

మీ ఫోన్‌లోనే చూడొచ్చు

400 కిలోమీటర్ల పైది చూడాలంటే శాటిలైట్ కావాలి. కానీ దాని కింది కొస మాత్రం చాలామంది జేబులోనే ఉంది. ఐఫోన్లలో, కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలో గాలి పీడనాన్ని కొలిచే బారోమీటర్ సెన్సర్ ఉంటుంది. దాన్ని చూపించే యాప్ వేసుకుని, ఫోన్‌ను ఒకే చోట, ఒకే ఎత్తులో పెట్టి ఒక రోజంతా గమనించండి. వాన, వాయుగుండం లేని రోజైతే మంచిది.

ఉదయం 10 గంటల ప్రాంతంలో పీడనం పైకి వెళ్తుంది. సాయంత్రం 4కి దిగిపోతుంది. మళ్లీ రాత్రి 10కి ఎక్కుతుంది, తెల్లవారుజామున 4కి దిగుతుంది. తేడా సుమారు 3 మిల్లీబార్లు. కోనసీమ లాంటి ఉష్ణమండల ప్రాంతాల్లో ఇది గడియారం ముల్లంత కచ్చితంగా జరుగుతుంది. లండన్‌లోనో, న్యూయార్క్‌లోనో అయితే తుపాను గాలుల గందరగోళంలో ఈ చిన్న అల కనిపించకుండా పోతుంది. మన దగ్గర స్పష్టంగా దొరుకుతుంది.

గౌతమి నీళ్లలాగే ఇదీ రోజుకు రెండుసార్లు. కానీ ఆడించేది వేరు. సముద్రాన్ని ప్రధానంగా చంద్రుడు లాగుతాడు. అందుకే నీటి పోటు రోజూ ముప్పావుగంటకు పైగా వెనక్కి జరుగుతుంది. గాలిని మాత్రం సూర్యుడి వేడి ఆడిస్తుంది. అందుకే టైమ్ మారదు. గాలి మీద చంద్రుడి ప్రభావం అసలు లేకపోలేదు. కానీ నేల మీద అది మిల్లీబారులో పదో వంతు కూడా ఉండదు.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. అక్టోబర్, నవంబర్ నెలల్లో తుపాను కబురు వినగానే ఫోన్‌లో పీడనం చూసి, ఉదయం నుంచి సాయంత్రానికి 3 మిల్లీబార్లు పడిపోయిందని కంగారు పడేవాళ్లు ఉంటారు. ఆ పడటం రోజూ ఉండేదే. వాతావరణ శాఖ వాళ్లు అందుకే నిన్న ఇదే టైమ్‌కి ఎంత ఉంది, ఇవాళ ఎంత ఉంది అని 24 గంటల తేడా చూస్తారు. అలా చూస్తే రోజువారీ పోటు లెక్కలోంచి తప్పుకుంటుంది. మిగిలేదే అసలు సంగతి. 1996 నవంబర్ 6న వచ్చిన తుపాను దెబ్బను ఇంకా మరిచిపోని ప్రాంతం ఇది. ఫోన్‌లో అంకెను కూడా నిన్నటి అదే గంటతో పోల్చుకోవాలి. ఏం చెయ్యాలన్నది మాత్రం అధికారుల హెచ్చరికను బట్టే.

కింద పుట్టిన అల.. పైకి పోయేకొద్దీ పెద్దదవుతుంది

నేల దగ్గర 3 మిల్లీబార్లంటే మొత్తం పీడనంలో మూడు వెయ్యో వంతులు. ఇంత చిన్నది పైకి వెళ్లి ఏం చేస్తుంది?

ఎండకు కింది గాలిలోని నీటి ఆవిరి వేడెక్కుతుంది. ఇంకాస్త పైన, 50 కిలోమీటర్ల దగ్గరలో ఓజోన్ వేడెక్కుతుంది. ఈ రెండు పొయ్యిలూ రోజూ పగలు వెలిగి రాత్రి ఆరిపోతాయి. ఆ ఊపుకు గాలిలో అలలు పుట్టి పైకి ప్రయాణిస్తాయి. పైకి వెళ్లేకొద్దీ గాలి పలచబడుతుంది. అలలో ఉన్న శక్తి మాత్రం అంతే. అదే శక్తి తక్కువ గాలిని ఊపాలి కాబట్టి ఊపు పెరుగుతూ పోతుంది. కొరడాను చూడండి. పిడి దగ్గర చెయ్యి కొంచెమే కదులుతుంది, సన్నబడుతూ పోయి కొస దగ్గర ఛెళ్లుమంటుంది.

100 కిలోమీటర్ల ఎత్తుకు చేరేసరికి గాలి నేల మీద కంటే 20 లక్షల రెట్లు పలచన. దాని వర్గమూలం లెక్కన, మధ్యలో ఏదీ అడ్డుపడకపోతే, అల ఊపు వెయ్యి రెట్లకు మించి పెరగాలి. నిజంగా అంత పెరగదు. దారిలో కొంత విరిగిపోతుంది, సముద్రపు కెరటం ఒడ్డుకొచ్చి విరిగినట్టు. అయినా ఆ ఎత్తున గాలులు సెకనుకు కొన్ని పదుల మీటర్ల వేగంతో ఒకసారి ఇటు, ఒకసారి అటు వీస్తూ ఉంటాయి.

దీన్ని కొలిచే పని మన రాష్ట్రంలోనే జరుగుతోంది. తిరుపతి దగ్గర గాదంకిలో జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఉంది. అక్కడ పొలమంత జాగాలో 1,024 యాంటెన్నాలు నిలబెట్టిన ఎంఎస్‌టీ రాడార్ 53 మెగాహెర్ట్జ్ మీద పనిచేస్తుంది. 1998 నుంచి అక్కడే లేజర్ కాంతిని రాత్రిపూట ఆకాశంలోకి వదిలి, 30 నుంచి 80 కిలోమీటర్ల మధ్య గాలి సాంద్రతను, ఉష్ణోగ్రతను లెక్కగట్టే లైడార్ కూడా ఉంది. తిరుపతిలోని శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ఉల్కా రాడార్ పెట్టారు. రోజూ ఆకాశంలో లెక్కలేనన్ని చిన్న ఉల్కలు కాలిపోతుంటాయి. అవి వదిలిన తోకను గాలి ఎటు లాగుతోందో చూసి 80 నుంచి 100 కిలోమీటర్ల మధ్య గాలి వేగం కడతారు. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం వాళ్లు ఇంతకు చాలా ముందే ఇలాంటి ఉల్కా రాడార్‌తో వాల్తేరు మీది గాలుల పోటును చూశారు.

కానీ రాడార్లు, లైడార్లు ఉన్నచోటి ఆకాశాన్నే చూడగలవు. 400 కిలోమీటర్ల దాకా వాటి చూపు ఆనదు. అక్కడి సాంద్రత కావాలంటే అక్కడికే వెళ్లాలి.

పడిపోతున్న శాటిలైట్టే తూకం రాయి

మొదట్లో అలా ప్రత్యేకంగా ఎవరూ వెళ్లలేదు. వెళ్లినవాటినే గమనించారు. 1958 మార్చి 17న అమెరికా వాన్‌గార్డ్-1 అనే చిన్న గోళాన్ని పంపింది. దాని రేడియో ఎప్పుడో మూగబోయినా అది ఇప్పటికీ తిరుగుతూనే ఉంది. అంతరిక్షంలో ఉన్న మానవ నిర్మిత వస్తువుల్లో అన్నింటికంటే పాతది అదే. లుయిజీ జాకియా అనే ఖగోళ శాస్త్రవేత్త అలాంటి తొలి శాటిలైట్ల రాకపోకల టైమ్‌లు పట్టుకుని కూర్చున్నాడు. భూమికి దగ్గరగా వచ్చే చోటు ఎండ వైపు ఉన్నప్పుడు వాటికి బ్రేక్ ఎక్కువ పడుతోంది, చీకటి వైపు ఉన్నప్పుడు తక్కువ పడుతోంది. పగటి వైపు గాలి ఉబ్బి ఉందని 1959లోనే ఆయన రాశాడు. శాటిలైట్‌లో ఏ పరికరమూ దీనికోసం పెట్టలేదు. అది పడే తీరే కొలత.

కానీ ఆ పద్ధతిలో చాలా రోజుల సగటు మాత్రమే తెలుస్తుంది. ఏ గంటకు, ఏ ఊరి మీద ఎంత అన్నది తేలదు. దానికి 2000 సంవత్సరం దాకా ఆగాల్సి వచ్చింది. ఆ ఏడాది జులై 15న జర్మనీ శాటిలైట్ చాంప్ కక్ష్యలోకి వెళ్లింది. బరువు సుమారు 520 కిలోలు, మొదటి ఎత్తు 454 కిలోమీటర్లు. దాని అసలు పని భూమి ఆకర్షణ శక్తిని, అయస్కాంత క్షేత్రాన్ని కొలవడం. ఆకర్షణ లెక్క సరిగ్గా రావాలంటే గాలి వల్ల పడే బ్రేక్ ఎంతో తెలిసి తీసెయ్యాలి. అందుకని ఫ్రాన్స్‌లో తయారైన యాక్సెలరోమీటర్‌ను సరిగ్గా శాటిలైట్ గుండెకాయ దగ్గర అమర్చారు.

యాక్సెలరోమీటర్ మీ ఫోన్‌లోనూ ఉంది. ఫోన్ అడ్డంగా తిప్పితే వీడియో అడ్డం తిరుగుతోందంటే దాని పుణ్యమే. చాంప్‌లో పెట్టింది దానికి ముత్తాత అనుకోండి. ఒక చిన్న లోహపు ముక్కను గోడలకు తగలకుండా కరెంటు శక్తితో గాల్లో నిలబెడతారు. శాటిలైట్‌కు గాలి తగిలి అది కొంచెం వెనక్కి తగ్గితే, లోపలి ముక్క ముందుకు జరగబోతుంది. సడన్ బ్రేక్ వేస్తే బస్సులో నిలబడ్డవాళ్లు ముందుకు తూలినట్టు. ఆ ముక్కను తిరిగి మధ్యలోకి తేవడానికి ఎంత బలం పట్టిందో అదే బ్రేక్ బలం. అందులోంచి ఎండ ఒత్తిడి లాంటివి తీసేసి, శాటిలైట్ బరువు, ముఖం వైశాల్యం, వేగం పెట్టి లెక్కకడితే సాంద్రత వచ్చేస్తుంది. భూమి ఆకర్షణలో కొన్ని కోట్ల వంతుల్లో ఒక వంతు ఉండే బలమది.

వేరే పనికోసం చెత్తలా తీసిపారెయ్యాల్సిన అంకె, పై గాలి మీద పనిచేసేవాళ్లకు బంగారమైంది. 2002లో వెళ్లిన గ్రేస్ జంట శాటిలైట్లు, 2013లో వెళ్లిన యూరప్ స్వార్మ్ శాటిలైట్లు కూడా ఇలాగే గాలి లెక్కలు పంపాయి.

ఇందులో ఒక చిక్కుంది. చాంప్ గంటన్నరకు ఒకసారి భూమిని చుట్టేస్తుంది, నిజమే. కానీ అది ధ్రువాల మీదుగా పైకీ కిందికీ తిరుగుతుంది. కింద భూమి తిరుగుతుంటుంది. దాంతో ఏ ఊరి మీదికి వచ్చినా దాదాపు ఒకే టైమ్‌కి వస్తుంది. పొద్దున 8కి ఒకసారి, రాత్రి 8కి ఒకసారి వచ్చే బస్సు అనుకోండి. ఆ బస్సులో కూర్చున్నవాడికి రామచంద్రపురం బస్టాండ్ ఎప్పుడూ పొద్దున 8 లాగో, రాత్రి 8 లాగో కనిపిస్తుంది. మధ్యాహ్నం రెండింటికి ఎలా ఉంటుందో వాడికి తెలియదు. అయితే ఈ బస్సు రోజూ ఐదారు నిమిషాలు ముందుకు జరుగుతుంది. 11 రోజులకు గంట. ఆ లెక్కన 24 గంటలూ చూసేసరికి దాదాపు 130 రోజులు పడుతుంది. ఈలోగా ఎండాకాలం పోయి వానాకాలం వచ్చేస్తుంది, సూర్యుడూ మారిపోతాడు. ఇది రోజువారీ పోటా, రుతువు మార్పా అని విడదీయడానికి ఏళ్ల తరబడి డేటా పోగెయ్యాల్సి వచ్చింది. చాంప్ పదేళ్లు తిరిగి 2010 సెప్టెంబర్ 19న గాలిలో కాలిపోయింది. తాను కొలిచిన గాలే చివరికి దాన్ని దించేసింది.

వానమబ్బుల గుర్తు ఆకాశం అంచున!

ఈ లెక్కల్లో అందరినీ ఆశ్చర్యపరిచింది ఇంకొకటి. ఎండ వల్ల ఉబ్బితే ఒక్కటే గుట్ట ఉండాలి, మధ్యాహ్నం వైపు. ఆ గుట్టను తీసేసి చూస్తే, భూమధ్యరేఖ పొడవునా నాలుగు చిన్న ఎత్తులు, నాలుగు పల్లాలు బయటపడ్డాయి. 2006లో ఒక అమెరికా శాటిలైట్ చిత్రాల్లో విద్యుదావేశమున్న పై పొర, అంటే అయనావరణంలో నాలుగు ఎత్తులు కనిపించాయి. 2009లో చాంప్ కొలిచిన గాలి సాంద్రతలోనూ అదే నాలుగు అంకె తేలింది.

ఎక్కడిదీ నాలుగు? సమాధానం వానమబ్బుల్లో దొరికింది. ఇండోనేషియా, కాంగో, అమెజాన్ అడవుల మీద రోజూ మధ్యాహ్నం నుంచి ఉరుములతో పెద్ద మబ్బులు కమ్ముతాయి. ఆవిరి నీరుగా మారేటప్పుడు బోలెడు వేడి వదులుతుంది. ఆ వేడికి పుట్టిన అల తూర్పు దిక్కుకు సాగుతూ పైకి ఎక్కుతుంది. భూమి చుట్టూ దానికి మూడు శిఖరాలు. అది తూర్పుకు పోతుంటే, సూర్యుడి టైమ్‌కి కట్టుబడిన శాటిలైట్ కళ్లకు ఇంకొక శిఖరం కలిసి నాలుగుగా కనిపిస్తుంది. ఈ అల ఆగస్టు, సెప్టెంబర్ నెలల్లో బాగా బలంగా ఉంటుంది. పది, పదిహేను కిలోమీటర్ల ఎత్తున కురిసే వానకు 400 కిలోమీటర్ల ఎత్తున ముద్ర పడుతుందని అంతకు ముందు ఊహించినవాళ్లు తక్కువ.

స్కైలాబ్ నుంచి కార్టోశాట్ దాకా.. లెక్క తప్పితే ఏమవుతుంది?

తెలుగువాళ్లకు ఈ గాలితో మొదటి పరిచయం 1979లో, అదీ భయంగా. అమెరికా 1973 మే 14న పంపిన స్కైలాబ్ అంతరిక్ష కేంద్రం 430 కిలోమీటర్ల ఎత్తున తిరిగేది. 1974 ఫిబ్రవరిలో చివరి వ్యోమగాములు దిగిపోయారు. 1980ల మొదటి దాకా అది పడదులే, ఈలోగా కొత్త స్పేస్ షటిల్ వెళ్లి పైకి నెడుతుందిలే అని అనుకున్నారు. కానీ సూర్యుడు అనుకున్నదానికంటే చురుకయ్యాడు. పై గాలి ఉబ్బింది, బ్రేక్ పెరిగింది. షటిల్ తొలిసారి ఎగిరింది 1981 ఏప్రిల్‌లో. స్కైలాబ్ 1979 జులై 11నే కూలిపోయింది.

ఎక్కడ పడుతుందో చివరి గంటల దాకా ఎవరూ చెప్పలేకపోయారు. తెలుగు పల్లెల్లో అప్పటి మాటలు పెద్దవాళ్లు ఇప్పటికీ చెబుతారు. ఎలాగూ పోతాం కదా అని కోళ్లు, మేకలు కోసుకుని తిన్నారని, దాచుకున్నది ఖర్చు పెట్టేశారని. కరీంనగర్ వైపు బండలింగంపల్లి నేపథ్యంగా 2021లో ‘స్కైలాబ్’ పేరుతో తెలుగు సినిమా కూడా వచ్చింది. వాళ్లను చూసి నవ్వుకోవడం తేలికే. కానీ ఆ రోజు కచ్చితంగా చెప్పగలిగిన శాస్త్రవేత్త కూడా లేడు. గంటకు 28 వేల కిలోమీటర్ల వేగంతో తిరిగేదాని టైమ్ ఒక్క గంట తప్పితే, పడే చోటు భూగోళం అవతలికి మారిపోతుంది. చివరికి శకలాలు హిందూ మహాసముద్రంలో, పశ్చిమ ఆస్ట్రేలియాలో ఎస్పెరాన్స్ ఊరి చుట్టుపక్కల పడ్డాయి.

రెండేళ్లకే మన శ్రీహరికోటకూ ఈ గాలి రుచి తెలిసింది. 1981 మే 31న ఎస్ఎల్‌వీ-3 రాకెట్ రోహిణి ఆర్ఎస్-డీ1ను మోసుకెళ్లింది. అనుకున్న ఎత్తు చేరలేదు. కక్ష్యలో దగ్గరి కొస 186 కిలోమీటర్లే. ఆ ఎత్తున గాలి ఎంత చిక్కగా ఉంటుందంటే, తొమ్మిది రోజుల్లో ఉపగ్రహం పని అయిపోయింది.

ఇటీవలి ఉదాహరణ 2022 ఫిబ్రవరి 3ది. ఆ రోజు స్పేస్‌ఎక్స్ 49 స్టార్‌లింక్ శాటిలైట్లను ముందుగా 210 కిలోమీటర్ల దగ్గర వదిలింది. మర్నాడే సౌర తుపాను ప్రభావం తగిలింది. గాలి బ్రేక్ అంతకు ముందు ప్రయోగాల కంటే 50 శాతం దాకా పెరిగిందని సంస్థే చెప్పింది. దాదాపు 40 శాటిలైట్లు పైకి లేవలేక కాలిపోయాయి. గమనించాల్సిందేమిటంటే, ఆ తుపాను పెద్దదేం కాదు. రోజూ ఉండే పోటు మీద మరికాస్త ఉబ్బు చేరిందంతే.

2024 మే 10, 11 తేదీల్లో వచ్చింది అసలు పెద్దది. అప్పుడు శ్రీహరికోట నుంచి 2023 ఫిబ్రవరిలో వెళ్లిన ఈఓఎస్-07 ఉపగ్రహం మామూలుగా రోజుకు 300 మీటర్ల చొప్పున దిగేదల్లా మే 11 ఒక్కరోజే 600 మీటర్లు దిగిపోయిందని ఇస్రో ప్రకటించింది.

గాలి ఎప్పుడూ శత్రువే అనుకోనక్కర్లేదు. 2007 జనవరి 10న వెళ్లిన కార్టోశాట్-2 పని అయిపోయాక దాన్ని అలాగే వదిలేస్తే, 630 కిలోమీటర్ల ఎత్తు నుంచి కిందపడటానికి దాదాపు 30 ఏళ్లు పట్టేది. అన్నేళ్లూ వేరే శాటిలైట్లకు అడ్డంగా తిరుగుతూ ఉండేది. ఇస్రో మిగిలిన ఇంధనంతో దాని కక్ష్యలో దగ్గరి కొసను 380 కిలోమీటర్లకు దించింది. మిగతా పని గాలికి వదిలేసింది. రోజూ మధ్యాహ్నపు పోటులో కాస్త ఎక్కువ, రాత్రి ఆటులో కాస్త తక్కువ అరుగుతూ వచ్చి, 2024 ఫిబ్రవరి 14 మధ్యాహ్నం 3 గంటల 48 నిమిషాలకు హిందూ మహాసముద్రం మీద ముగిసిపోయింది.

మరి మన టీవీ సిగ్నల్‌కు ఏమైనా అవుతుందా?

ఏమీ కాదు. ఇంటి మీది డిష్ చూసేది భూమికి దాదాపు 36 వేల కిలోమీటర్ల దూరంలో ఉన్న శాటిలైట్‌ను. అక్కడికి ఈ గాలి చేరదు. తుపాను మబ్బుల బొమ్మలు పంపే ఇన్సాట్ శాటిలైట్లూ అంత దూరంలోనే ఉన్నాయి. జీపీఎస్‌వి 20 వేల కిలోమీటర్ల పైన. ఇబ్బందల్లా దగ్గరగా తిరిగే వాటికే. పొలాల ఫొటోలు తీసేవి, అంతరిక్ష కేంద్రం, ఇంటర్నెట్ ఇచ్చే వేలాది కొత్త శాటిలైట్లు, వాటి మధ్య తిరిగే పాత రాకెట్ల ముక్కలు.

అక్కడ గాలి సాంద్రత అంచనా కొంచెం తప్పినా రెండు వస్తువులు ఒకదానికొకటి ఎంత దగ్గరగా వస్తాయన్న లెక్క తప్పుతుంది. పక్కకు జరగాలా వద్దా అన్నది ఆ లెక్కను బట్టే. జరిగితే ఇంధనం ఖర్చు, అంటే ఆయుష్షు తగ్గినట్టే. జరగకపోతే గుద్దుకునే ప్రమాదం. ఇస్రో ప్రతి ప్రయోగానికి ముందు దారిలో ఏమున్నాయో ఇలాగే చూసుకుంటుంది. 2023 జులైలో చంద్రయాన్-3 ప్రయోగానికి అలా లెక్క చూసి, రాకెట్‌ను అనుకున్నదానికంటే 4 సెకన్లు ఆలస్యంగా వదిలారు.